రెండు కార్డులూ బంద్ చేశాక వచ్చిన జవాబు

ఇది కల్పించి చెప్పేది కాదు. నేను యాభై రెండేళ్లకు అక్షరం నేర్చుకున్నదాన్ని. అంత కష్టపడి నేర్చుకున్న అక్షరాలతో అబద్ధం రాసే తీరిక నాకు లేదు. నమ్మితే నమ్మండి. నమ్మకపోతే ఇక్కడే ఆపి పడుకోండి. అదే మీకు మంచిది కూడా...

బోధన్ దాటి కోటగిరి వైపు పోయే దారిలో ఒక చెరుకు మిల్లు ఉంది. పేరు చెప్పను. అందులో ఇరవై ఎనిమిదేళ్లు ఊడ్చాను. నా కొడుకు గంగాధర్ కూడా అక్కడే ఫిట్టరు. ముప్పై ఆరేళ్లవాడు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి. నాకు వాడొక్కడే.

ముందు గొలుసు సంగతి చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. ట్రాక్టర్లు చెరుకు దింపే చోటి నుంచి కత్తుల దాకా ఒక పెద్ద ఇనుప గొలుసు పోతుంది. ఎడ్లబండి అంత వెడల్పు. దానికి అడ్డంగా ఇనుప పట్టీలు. గొలుసు తిరిగితే ఆ పట్టీలు చెరుకును పైకి ఎక్కించి కత్తుల్లో పడేస్తాయి. కత్తులు నరికిన ముక్కలు రోలర్ల కిందికి పోతాయి. ఇటు నుంచి రసం. అటు నుంచి పిప్పి. మధ్యలో ఏది పడినా అంతే. కుక్క పడినా అంతే.

గొలుసు ఆగినప్పుడు ఫిట్టర్లు లోపలికి దిగి రిపేరు చేస్తారు. దిగే ముందు ఒక పద్ధతి ఉంది. కరెంటు మెయిన్ హ్యాండిల్ దించి, దాని కింద చెప్పులు విడిచి దిగాలి. ఆ హ్యాండిల్ ఎత్తితేనే గొలుసు నడుస్తుంది. అప్పట్లో మాలో చాలామందికి చదువు రాదు. "లోపల మనిషి ఉన్నాడు" అని బోర్డు పెడితే ఎవరు చదవాలి? అందుకని చెప్పులు. హ్యాండిల్ కింద చెప్పులు ఉంటే హ్యాండిల్ ముట్టకూడదు. ఎంత పెద్ద సారు వచ్చినా, ఎంత తొందర ఉన్నా ముట్టకూడదు.

ఈ పద్ధతి ఒక్కసారే తప్పింది. ఆ తప్పు నాది.

సాయిలు అని ఒకడు ఉండేవాడు. నేను చేరిన ఆరో ఏడు సంగతి. లోపలికి దిగాడు. చెప్పులు విడిచే దిగాడు. నేను ఊడుస్తూ ఊడుస్తూ వచ్చాను. చెప్పుల కింద మట్టి ఉంది. చీపురుతో వాటిని పక్కకు నెట్టి ఊడ్చాను. మళ్లీ జరుపుదామనుకున్నాను. ఎవరో చాయ్ అని పిలిచారు... పోయాను. షిఫ్టు మారింది. కొత్తగా వచ్చినవాడు హ్యాండిల్ కింద చూశాడు. ఏమీ లేదు. ఎత్తాడు.

ఆ పూట రసం అంతా కాలువలో పారబోశారు. పిప్పిలోంచి అంగీ ముక్కలు ఏరి మూట కట్టి వాళ్ల ఇంటికి ఇచ్చారు. చెప్పులు ఎవరు జరిపారని అందరినీ అడిగారు. నన్నూ అడిగారు. నేను చూడలేదన్నాను. సాయిలు భార్య ఇప్పటికీ బీడీలు చుట్టుకుని బతుకుతుంది. సంతలో కనపడితే "బాగున్నవా అక్కా" అంటుంది. బాగున్నా అంటాను. ఇది ఎవరికీ చెప్పలేదు. మీకే మొదట చెప్తున్నాను.

ఇప్పుడు ఆ రాత్రి.

మొన్నటి సీజన్. మంచు పడే రోజులు. వారానికి ఒక రాత్రి మిల్లు ఆపి కడుగుతారు. అలా ఆపిన రాత్రి హైదరాబాదు నుంచి కిరణ్ అని ఇంజినీరు వచ్చాడు. ఇప్పుడు గొలుసును నడిపేది కంప్యూటరు. మెట్ల పైన గదిలో ఒకటి, కింద గొలుసు పక్కన రేకు బీరువాలో ఇంకొకటి. పైనుంచి నడువు అంటే కిందిది నడుపుతుంది. ఆగు అంటే ఆపుతుంది. రెండింటి మధ్య రెండు వైర్లు. ఒకటి తెగినా ఇంకొకటి ఉండాలని. అది నిజంగా అలా పని చేస్తుందో లేదో చూడడానికి వచ్చాడు.

వైరు పీకాల్సిన పని లేదట. వైరు వచ్చి దిగే చోట లోపల ఒక కార్డు ఉంటుంది. ఆ కార్డును కంప్యూటర్లోనే నొక్కి బంద్ చేయొచ్చు. ఒకటి బంద్ చేస్తే రెండోదాని మీదుగా మాట పోవాలి. రెండూ బంద్ చేస్తే మాట పోకూడదు, గొలుసు ఆగినది ఆగినట్టే ఉండాలి. అదీ పరీక్ష.

"పైన ఒకరు కూర్చోవాలె. స్క్రీను మీద ఏమొస్తే అది ఫోన్ల చదివి చెప్పాలె. చదువొచ్చినోళ్లు ఎవరున్నరు?" అన్నాడు కిరణ్.

కరెంటు పని చూసే ఖాదర్ భాయ్ నన్ను చూపించాడు. "గీ పోశవ్వక్క ఉంది గద సార్. ముసలితనంల రాత్రి బడికి పోయింది. గిప్పుడు సిమెంటు సంచి మీది రాతలు గూడ ఇడిసిపెడ్తలేదు."

"నీ లెక్క బొమ్మ సూసి బీడీ కట్ట కొనేదాన్ని గాదు భాయ్," అన్నాను.

గంగాధర్ నవ్వాడు. "మా అవ్వ సదివితె బోధన్ దాంక ఇనవడ్తది సారూ. ఫోన్ ఎందుకు దండగ."

వాడు బోల్టులు తిప్పే పానాలు సంచిలో వేసుకుంటున్నాడు. గొలుసు మీద ఒక పట్టీ వంగింది. పొద్దున్నే చెరుకు ట్రాక్టర్లు వరస కడతాయి. ఆ లోపల దాన్ని మార్చాలి.

ఖాదర్ భాయ్ అన్నాడు, "మెయిన్ దించి ఫ్యూజు జేబుల ఏసుకుంట. అప్పుడు దిగు గంగాధర్."

కిరణ్ అడ్డం వచ్చాడు. "మెయిన్ దించితే నా బీరువా గూడ ఆరిపోతది భాయ్. మల్ల మొదటి నుంచి చేసుకోవాలె. పావుగంట ఆగుండ్రి. రెండు కార్డులు బంద్ చేసినంక గీ మిషన్ చెవిటిదే. ఎవరు చెప్పినా వినదు. అంతకన్నా భద్రం ఇంకేముంటది?"

"మాటతోని బంద్ అయినది బంద్ కాదు సార్. చేతుల ఫ్యూజు ఉండాలె."

"నేను రాసిస్త కావాలంటే."

ఖాదర్ భాయ్ బీడీ తీసుకుని బయటికి పోయాడు. అలిగాడు. ఇరవై ఏళ్ల కరెంటు మనిషి మాట నిన్న వచ్చిన పిల్లగాడు కొట్టేస్తే ఎవరైనా అలుగుతారు.

నేను పైకి పోయి కూర్చున్నాను. కిరణ్ వచ్చి చూపించాడు. నల్ల కిటికీలాంటిది. అందులో కింది నుంచి పైకి తెల్ల లైన్లు పోతున్నాయి. ఒకదాని తర్వాత ఒకటి. తీరిగ్గా.

"ఇది కింది కంప్యూటరును ఉన్నవా అని అడుగుతది అవ్వా. అది ఉన్న అంటది. ఉన్న అన్నప్పుడు లైను చివరికి అంకె వస్తది. అనకపోతే అంకె ఉండదు. అంతే."

"అంకె దేనిది?"

"జవాబు రానీకి పట్టిన టైము, సెకనుల వెయ్యో వంతు లెక్కన. దూరం ఉన్నోడు లేటుగ పలుకుతడు గద, అంకె పెద్దగ ఉంటది. పక్కనున్నోడు వెంటనే పలుకుతడు. మనది పక్కనే ఉంది, అందుకే ఒకటి కన్నా తక్కువ అని చూపెడ్తున్నది. ఈ గుర్తు చూడు."

కాకి నోరు తెరిచినట్టు ఒక గుర్తు. దాని పక్కన ఒకటి. సరే అన్నాను.

ఇంకో పక్క ఎర్ర చదరం ఒకటి ఉంది. "ఏమన్న అయితే ఇది నొక్కు. గొలుసు ఆగుతది," అని దిగిపోయాడు.

ఫోను బల్ల మీద పెట్టాను. స్పీకరు వేసి ఉంది. కింద మాటలు వినపడుతున్నాయి. అద్దాల కిటికీ అవతల మంచు. గొలుసు కనపడదు. దాని మీద వేలాడే బల్బు మాత్రం పసుపు ముద్దలా కనపడుతోంది.

"ఒకటి బంద్ చేసిన అవ్వా."

చూశాను. "వస్తున్నది. కాకి నోరు, ఒకటి."

"మంచిది. ఇగ రెండోది గూడ చేస్తున్న..."

అంకె పోయింది. లైను పొట్టిగా వచ్చింది. ఇంకొకటి. అదీ పొట్టిదే. ఇప్పుడు ఒక్కో లైనుకు చాలాసేపు పడుతోంది. అడిగి, ఎదురుచూసి, విసిగి, అప్పుడు రాస్తున్నట్టు.

"లేదు బిడ్డా. జవాబు లేదు."

"అయిపోయింది. గంగాధరన్నా, దిగు."

వాడు చెప్పులు విడిచిన చప్పుడు నాకు ఫోనులో వినపడింది. టప్. టప్. తర్వాత ఇనుము మీద ఉత్త కాళ్లు. ఆ చప్పుడు వింటే ఎప్పుడూ చీపురు పక్కన పెట్టేస్తాను. సాయిలు తర్వాత అంతే. తర్వాత సుత్తె దెబ్బలు మొదలయ్యాయి. ఠంగ్... ఠంగ్...

నేను లైన్లు చూస్తున్నాను. పొట్టిది. పొట్టిది. పొట్టిది. పొట్టిది.

ఐదోది పొడుగు.

కళ్లు నులుముకున్నాను. చివరికి అంకె ఉంది. "వచ్చింది బిడ్డా," అన్నాను.

"రాదు అవ్వా. పైన పాత లైను చూస్తున్నవేమో. కిందికి చూడు."

"కిందనే సూస్తున్న. మూడు. తొమ్మిది. ఒకటి. నాలుగు."

"ఏంటిది?"

"అంకె. మూడువేల తొమ్మిదొందల పద్నాలుగు."

సుత్తె చప్పుడు ఒక్కటే. ఠంగ్...

"అవ్వా, రెండూ బంద్ ఉన్నయి. నా కండ్ల ముందే ఉన్నయి. అంత అంకె గీ రెండింటి మధ్య రానే రాదు. అమెరికాను అడిగినా అంత రాదు."

ఇంకో లైను పడింది.

"మూడువేల రెండొందల ఆరు," అని చదివాను.

మళ్లీ.

"రెండువేల ఐదొందల పద్దెనిమిది."

ఇక్కడ నేను మెల్లగా చెప్పాలి. ఎందుకంటే ఆ రాత్రి కూడా అంతా మెల్లగానే అయింది. గదిలో చలి. బల్ల మీద చాయ్ గ్లాసు. గ్లాసులో మీగడ కట్టింది. కంప్యూటరు లోపల చిన్న పంకా తిరిగే చప్పుడు. ఒక లైను పడుతుంది. నేను అంకె మీద వేలు పెడతాను. నాకు వేలు పెట్టి చదవడమే అలవాటు. వేలు తీసేలోపల ఇంకొకటి పడుతుంది. ప్రతిసారీ చిన్నది. ప్రతిసారీ ఇంకొంచెం తొందరగా...

దూరం ఉన్నోడు లేటుగా పలుకుతాడు. పక్కనున్నోడు వెంటనే పలుకుతాడు. వాడు చెప్పిందే.

"వెయ్యిన్ని ఏడొందల తొంబై. సారూ, తగ్గుతున్నది. ఎవరో దగ్గరికొస్తున్నట్టున్నది."

"ఎవరు వస్తరవ్వా..."

"మా గంగాధర్‌ను బయటికి రమ్మను."

"ఒక్క నిమిషం. కార్డులు మల్ల చూస్త."

"వెయ్యిన్ని పదకొండు. రమ్మను బిడ్డా."

"ఒక్క నిమిషం అవ్వా."

"నాలుగొందల రెండు. పిల్లగాన్ని బయటికి పిలువు అంటున్న."

నేను లేచి పరిగెత్తాల్సింది. కిటికీ అద్దం పగలగొట్టి అరవాల్సింది. అంత గొంతు ఉంది నాకు. అరవలేదు. వేలు పెట్టి చదివాను. చదవమన్నారు కదా అని చదివాను. తొంబై ఆరు. ఏడు...

కాకి నోరు. ఒకటి.

కింద మోటారు ఊళ పెట్టింది.

గొలుసు కదిలే ముందు మూడుసార్లు సైరను మోగాలి. మోగలేదు. గడక్ అంది. గడక్... గడక్... ఆ చప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు విన్నాను. ఖాళీ గొలుసు ఒక రకంగా పలుకుతుంది. చెరుకు ఉన్న గొలుసు ఒక రకంగా పలుకుతుంది. ఆ రాత్రి పలికింది ఆ రెండూ కాదు.

ఎర్ర చదరం నొక్కాను. చిన్న డబ్బా ఒకటి వచ్చి ఏదో ఇంగ్లీషు చూపించింది. మళ్లీ నొక్కాను. మళ్లీ అదే డబ్బా. ఏడెనిమిదిసార్లు నొక్కాను. తర్వాత తెలిసింది. దారి లేదు, నీ మాట అటు పోదు అని ఆ డబ్బా చెప్తోందట. దారి బంద్ చేసింది మేమే. ఆగు అన్న నా మాట పోలేదు. మరి నడువు అన్న మాట ఏ దారిన పోయింది?

ఇనుప మెట్ల మీద పడుతూ లేస్తూ దిగాను. మోచేయి చీలింది. అది ఇల్లు చేరాక చూసుకున్నాను.

కింద కిరణ్ బీరువాకు ముఖం పెట్టి ఉన్నాడు. "కార్డు లేపుతున్న, కార్డు లేపుతున్న" అంటున్నాడు. స్క్రీను మీద చిన్న గుండ్రం తిరుగుతోంది. వాడు వెనక్కి చూడడం లేదు. వెనకనే నా కొడుకు.

గంగాధర్ కుడికాలు పట్టీకి, పక్క రేకుకు మధ్య చిక్కింది. గొలుసు వాణ్ని బోర్లా ఈడ్చుకుంటూ పైకి పోతోంది. రెండు చేతులతో అంచు పట్టుకున్నాడు. పట్టు జారితే ఇంకో చోట పట్టుకుంటున్నాడు. గోళ్లు లేచిపోయి ఆ అంచు మీద ఎర్ర గీతలు పడ్డాయి. అరవడం లేదు. పళ్లు బిగించి ఊపిరి బుసకొడుతున్నాడు. గొలుసుతో పాటే లేచి పైన కత్తులూ తిరుగుతున్నాయి. గాలి కొడుతోంది. అటు పది అడుగులు ఉండొచ్చు.

హ్యాండిల్ గొలుసుకు అవతలి పక్క. చుట్టూ తిరిగి పోవాలి. పోయాను. హ్యాండిల్ కింద వాడి చెప్పులు వరసగా ఉన్నాయి. ఎవరూ జరపలేదు. ఎవరూ హ్యాండిల్ ముట్టలేదు. చెప్పులు చూసి ఆగేది మనిషి. కంప్యూటరుకు చెప్పులు కనపడవు.

హ్యాండిల్ పట్టుకుని కిందికి లాగాను. బిగుసుకుంది. వేలాడాను. అరవై ఏళ్ల ఒళ్లు, ఎంత బరువని... ఇంతలో ఖాదర్ భాయ్ బీడీ నోట్లోనే పెట్టుకుని ఉరికి వచ్చాడు. ఇద్దరం కలిసి వేలాడాం. దిగింది.

గొలుసు ఆగింది. ఆగి, బరువుకు జానెడు వెనక్కి జారింది. అప్పటిదాకా విరగనిది అప్పుడు విరిగింది. ఆ చప్పుడు రాయను.

గంగాధర్ తల తిప్పి నన్ను చూశాడు. ముఖం పిండిలా తెల్లగా ఉంది. "అవ్వా... సెప్పులు సూడలేదా ఎవరు?" అన్నాడు.

నేను వాడి చేతులు ఆ అంచు మీంచి విడిపించాను.

ఖాదర్ భాయ్ వాడి తొడకు తువ్వాలు బిగించి కట్టాడు. గొలుసును చేత్తో తిప్పి కాలు విడిపించడానికి నలుగురు బాయిలరు వాళ్లు వచ్చారు. నేను కిరణ్ దగ్గరికి పోయాను. గంగాధర్ సంచిలో మూరెడు పానా ఉంది. తీశాను.

"అవ్వా, ఒక్క నిమిషం, నేను చెప్పేది..." అన్నాడు.

ఆ ఒక్క నిమిషం అన్న మాట మళ్లీ అనకుండా ఉండాల్సింది. మొదటి దెబ్బకు ముంజేయి విరిగింది. రెండోది భుజం మీద. మూడోది తలకు ఎత్తాను. ఖాదర్ భాయ్ వెనక నుంచి నడుము పట్టుకుని పక్కకు ఈడ్చాడు. పానా బీరువాకు తగిలి రేకు సొట్ట పడింది. ఇంకా కొట్టాను. బీరువా స్క్రీను అద్దం పగిలేదాకా కొట్టాను. "చాలక్కా, చంపుతవా" అంటున్నాడు. చంపుదామనే అనుకున్నాను. దాచేదేముంది. తప్పు అనను. ఒప్పు అనను. నేనూ చదువుతూ కూర్చున్నదాన్నే కదా. వాణ్ని కొడుతుంటే సగం దెబ్బలు నాకే కొట్టుకుంటున్నట్టు ఉండింది. కానీ విరిగింది వాడి చేయి.

గంగాధర్‌ను జీపులో వేసుకుని నిజామాబాద్ దవాఖానకు పోయాం. దారి పొడుగునా వాడి తల నా ఒళ్లో ఉంది. తెల్లవారేసరికి మోకాలి కింద తీసేశారు. మనిషి దక్కాడు. డాక్టరు నాకు కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. జీవితంలో నేను పేరు రాసిన మొదటి పెద్ద కాగితం అదే.

మూడో రోజు కిరణ్ వచ్చాడు. చేయి మెడకు వేలాడుతోంది. వస్తే మళ్లీ కొడతానేమో అనుకున్నాను. కొట్టలేదు. కేసు పెట్టలేదని చెప్పాడు. పెట్టుకో అన్నాను. తల అడ్డంగా ఊపి వరండాలో నా పక్కన కూర్చున్నాడు.

"అవ్వా, పైన కంప్యూటర్ల చూసినం. అన్నీ పొట్టి లైన్లే ఉన్నయి. రెండో కార్డు బంద్ చేసినకాన్నుంచి ఒక్క జవాబు లేదు."

"అంటే నేను అబద్ధమాడిన అంటవా?"

"కాదు. నువ్వు చదువుతుంటే ఫోన్ల నేను విన్న. ఆ అంకెలు నాకు యాదికున్నయి. వెయ్యిన్ని పదకొండు గూడ యాదికుంది." మెడకు కట్టిన చేయి సర్దుకున్నాడు. "గొలుసు లేచినట్టు బీరువల రాసుంది. ఎవరు లేపమన్నరో రాసే చోట... ఖాళీ ఉంది. అక్కడ ఖాళీ ఉండదవ్వా. నేను ఎన్ని మిల్లులల్ల చేసిన. ఏదో ఒక నంబరు పడుతది."

"మూడో దారి ఏమన్న ఉందా?"

"బీరువ విప్పి చూసినం. రెండే కార్డులు. రెండే వైర్లు."

లేచేటప్పుడు వంగి నా కాళ్లు ముట్టబోయాడు. వద్దన్నాను. తర్వాత ఆ ఉద్యోగం మానేశాడని విన్నాను.

ఖాదర్ భాయ్ వేరే చెప్తాడు. మోటారు డబ్బాలోకి మంచు దిగింది, లేకుంటే ఎలుక వైరు కొరికింది, రెండు తీగలు తాకి మోటారు లేచింది, కంప్యూటరుకు దానికి సంబంధమే లేదు అంటాడు. "మరి అంకెలు?" అంటే, "అక్కా, నీకు కండ్లద్దాలు మార్సాలె" అంటాడు. కావచ్చు. కరెంటు సంగతి నాకంటే వాడికే తెలుసు. కానీ అంకె అంకెనే. దయ్యం ఉందా అంటే నాకు తెలియదంటాను. మూడు, తొమ్మిది, ఒకటి, నాలుగు చూశావా అంటే చూశానంటాను. అది కూడా తప్పు చదివాననుకుంటే ఇక నేను నేర్చుకున్నది ఏమిటి?

మిల్లు వాళ్లు రెండు మేకలను తెచ్చి గొలుసు మీదే కోశారు. నెత్తురు మొదటి పట్టీకి పూసి నాలుగో రోజు నడిపించారు. ఇప్పుడు దిగేవాడి జేబులో ఫ్యూజు ఉంటుంది. చెప్పులు కూడా విడుస్తున్నారు. నేను మళ్లీ అటు పోలేదు.

గంగాధర్ ఇంట్లోనే ఉంటున్నాడు. రాత్రయితే నొప్పి అంటాడు. ఉన్నచోట కాదు. లేని పాదంలో. మడమ గుంజుతోందంటాడు. డాక్టరును అడిగితే నవ్వాడు. కాలు పోయినవాళ్లకు అందరికీ ఉంటుందట. నరాలకు ఇంకా తెలియదట, కాలు పోయిందని. కొన్నాళ్లకు తగ్గుతుందట. నేను మంచం మీద ఆ ఖాళీ చోట దుప్పటిని ఒత్తుతాను. "ఇంకొంచెం కిందికే అవ్వా" అంటాడు. కిందికి ఒత్తుతాను. "ఆ, గాడనే" అంటాడు. నొప్పి తగ్గి నిద్రపోతాడు. అది కూడా ఉంటుందనే చెప్పాడు డాక్టరు.

పోయిన వారం ఒక రాత్రి. కోడలు పిల్లలతో లోపలి అర్రలో పడుకుంది. నేను గడప దగ్గర కూర్చుని పొద్దుటికి చింతపండు గింజలు తీస్తున్నాను. గంగాధర్ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నాకూ మంచానికీ మధ్య ఆరేడు అడుగులు. జీరో బల్బు వెలుతురు.

నిద్రమత్తులో అన్నాడు. "జెర మెల్లగ ఒత్తు అవ్వా. నీ సేతులు సల్లగున్నయి."

నా చేతుల్లో చింతపండు ఉంది.

మంచం వైపు చూశాను. ఎవరూ లేరు. మోకాలి కింద దుప్పటి చదునుగా ఉంది. చదునుగానే ఉందా... ఒక చోట కొంచెం లోపలికి దిగినట్టు ఉందా... ఆ బల్బు వెలుతురులో అలా అనిపించి ఉండొచ్చు. పోయి చూస్తే తెలిసేది. నేను లేవలేదు. లేస్తే చప్పుడవుతుంది. చప్పుడైతే వాడు ఇటు తిరుగుతాడు. నేను గడప దగ్గర ఉన్నానని చూస్తాడు.

"సరే బిడ్డా, మెల్లగనే ఒత్తుత. నువ్వు పండుకో," అన్నాను.